సున్నలోకి దిగే దారి

"అన్నా, సున్న ఎగిరిపోయింది."

ఆదివారం పొద్దున్నే ఫోనెత్తగానే వినిపించిన మొదటి మాట ఇది. చేసింది మా తమ్ముడు. తమ్ముడంటే మా చిన్నాయన కొడుకు. ధారూర్ లో తాండూరు రోడ్డు మీద రెండేళ్ళ క్రితం సీఎన్సీ రౌటర్ పెట్టుకున్నాడు. తలుపుల మీద లక్ష్మీదేవి, పూజగది జాలీలు, దుకాణాల బోర్డులు, ఈమధ్య బండల మీద అక్షరాలు కూడా చెక్కుతున్నాడు. నేను నిద్రమత్తులో "ఏ సున్నరా, బిల్లులోనా?" అనడిగా.

"బిల్లు గాదే. బండ మీద సున్న. 'మరణం'ల సున్న లేసొచ్చింది. ఇప్పుడు 'మరణ' అనే ఉన్నది."

నవ్వొచ్చింది, ఏమాటకామాటే చెప్పుకోవాలి. అవతల వాడు నవ్వట్లేదని అర్థమయ్యాక ఆపేశాను.

చాలా రోజుల తర్వాత రాస్తున్న టపా ఇది. ఇందులో కొంచెం మెషీన్ల గొడవ ఉంటుంది, ఓపిక పట్టండి. నేను చదివింది మెకానికల్. బాలానగర్ సీఐటీడీలో (1968లో కేంద్రప్రభుత్వం ఐక్యరాజ్యసమితి సంస్థల సాయంతో పెట్టిన టూల్ డిజైన్ సంస్థ) ఒక కోర్సు చేసి, అక్కడికి దగ్గర్లోనే ఒక టూల్‌రూమ్ లో ఏడాదిన్నర నూనె మరకల చొక్కాతో తిరిగి, తర్వాత అందరిలాగే హైటెక్ సిటీ బస్సెక్కేశాను. కాకపోతే పూర్తిగా తప్పించుకోలేదు. నేను పనిచేసేది క్యామ్ సాఫ్ట్‌వేర్ మీద. డిజైనర్ గీసిన ఆకారాన్ని చూసి, మెషీన్ ఏ దారిలో కదలాలో లెక్కగట్టి, జీ-కోడ్ రాసిచ్చే సాఫ్ట్‌వేర్ అన్నమాట. పెళ్ళిళ్ళలో ఎవరైనా "ఏం చేస్తుంటావు బాబూ" అంటే "కంప్యూటర్స్" అని ఊరుకుంటా.

అందులోనూ నా వాటా చాలా చిన్నది: పాకెట్లలోకి టూల్ ఎక్కడ దిగాలి, ఎలా దిగాలి. అంతే. ఏళ్ళ తరబడి అదే.

పాకెట్ అంటే ఏంటో వామనగుంటలు ఆడినవాళ్ళకి చెప్పక్కర్లేదు. పీటలో 14 గుంటలుంటాయి కదా, ఒక్కో గుంటా ఒక్కో పాకెట్. చుట్టూ గోడ, కింద అడుగు, పైన మాత్రమే తెరిచి ఉంటుంది. గుంట తవ్వాలంటే టూల్ ముందు లోపలికి వెళ్ళాలి. పక్కనుంచి దారి లేదు, పైనుంచే దిగాలి. ఇక్కడే తిరకాసు. మిల్లింగ్ టూల్ పక్కకి కోయడానికి పుట్టింది, కిందికి దిగడానికి కాదు. కిందికి దిగడానికి పుట్టినది డ్రిల్లు.

ఇది చెప్పినా నమ్మనివాళ్ళకోసం చిన్న లెక్క. 6 మిల్లీమీటర్ల టూల్ నిమిషానికి 18,000 చుట్లు తిరుగుతోందనుకోండి. దాని అంచు నిమిషానికి దాదాపు 339 మీటర్ల వేగంతో పోతుంటుంది. మరి సరిగ్గా నడిమధ్య బిందువో? దాని వేగం సున్న. ఎన్ని చుట్లు తిప్పినా సున్నే. తిరగలి మధ్యలో మేకులాగా అక్కడే ఉంటుంది. కాబట్టి టూల్ ని నిటారుగా కిందికి గుచ్చితే అంచులు కోస్తాయి, మధ్యభాగం మాత్రం కొయ్యదు, నొక్కుతుంది. మధ్యదాకా పళ్ళున్న టూళ్ళు ఉన్నాయి, బాలానగర్లో వాటిని స్లాట్ డ్రిల్ అంటారు. అవి ఏదోలా దిగుతాయి. పళ్ళు మధ్యదాకా లేనివైతే, కోయని భాగం కిందున్న పదార్థం మీద కూర్చుంటుంది. అప్పుడు టూలన్నా విరగాలి, పదార్థమన్నా పగలాలి.

నాకు ఈ సంగతి పుస్తకంలో తెలియలేదు. టూల్‌రూమ్ లో మా ఉస్తాద్ ఒకాయన ఉండేవాడు. మాన్యువల్ మెషీన్ మీద గుంట తియ్యాలంటే ముందు డ్రిల్లింగ్ మెషీన్ దగ్గరికెళ్ళి ఒక రంధ్రం వేసుకొచ్చేవాడు, ఆ రంధ్రంలోకి టూల్ దింపేవాడు. ఆ రంధ్రం ఎక్కడ వెయ్యాలో చూసుకోవడానికి పది నిమిషాలు పట్టేది ఆయనకి. పనిముక్కని తిప్పి తిప్పి చూసేవాడు. నాకు విసుగొచ్చేది. ఎక్కడేస్తే ఏంటి, ఎలాగూ మొత్తం తవ్వేసేదే కదా అనుకునేవాణ్ణి.

సరే, కంప్యూటర్ వచ్చాక మూడు దారులు. ఒకటి ఉస్తాద్ దారి, ముందే రంధ్రం. రెండు ర్యాంప్, అంటే ఏటవాలుగా, బావిలోకి మెట్లు దిగినట్టు. మూడు హెలిక్స్, అంటే గుండ్రంగా తిరుగుతూ, చార్మినార్ మెట్లు దిగినట్టు. ర్యాంప్ లో కోణం ముఖ్యం. 3 డిగ్రీల వాలుతో 1 మిల్లీమీటరు లోతు దిగాలంటే 19 మిల్లీమీటర్ల దూరం పోవాలి. 3 మిల్లీమీటర్లు దిగాలంటే 57. అంత పొడవు చోటు లేకపోతే హెలిక్స్. 6 మిల్లీమీటర్ల టూల్ ని 5.4 వ్యాసం ఉన్న వలయంలో తిప్పితే 11.4 మిల్లీమీటర్ల రంధ్రం పడుతుంది, ఒక్కో చుట్టుకీ 0.89 మిల్లీమీటరు దిగుతుంది. వలయం వ్యాసం టూల్ వ్యాసం కంటే పెద్దదైతే మధ్యలో కోయకుండా ఒక స్తంభం మిగిలిపోతుంది. మరీ చిన్నదైతే అది హెలిక్స్ వేషంలో ఉన్న గుచ్చుడే, నడిమి కోయని భాగం నడిమిలోనే ఉండిపోతుంది కాబట్టి. అందుకని మనవాళ్ళు ఒక కనీసం పెడతారు, టూల్ వ్యాసంలో సగమో ఇంకెంతో.

ఇక ఎక్కడ దిగాలి అన్న ప్రశ్న. మాలాంటి వాళ్ళకి ఇది రేఖాగణితం. గుంటలో పట్టే అతిపెద్ద వృత్తం గియ్యి, దాని కేంద్రంలో దిగు. మార్టిన్ హెల్డ్ అనే ఆయన 1991లో పాకెట్ మెషీనింగ్ గణితం మీద ఒక పుస్తకమే రాశాడు, మా టీములో అది భగవద్గీత. ఆయనే ఇంకో ఇద్దరితో కలిసి 2000లో రాసిన పేపర్లో, మధ్యలో దీవులున్న గుంటల్ని జిగ్‌జాగ్ గా తవ్వేటప్పుడు టూల్ ని పైకెత్తి మళ్ళీ దింపే సార్లు కనిష్ఠం చెయ్యడం ఎన్‌పీ-హార్డ్ అని తేల్చారు. ఆ మాట వింటే మనకి ఎక్కడలేని హుషారు కదా! నేనూ ఆ హుషారులోనే ఏళ్ళు గడిపాను. ఎన్నిసార్లు దిగుతోంది అన్నదాన్ని 14 నుంచి 9కి తగ్గించి పార్టీ చేసుకున్న రోజులున్నాయి.

దిగినచోట ఏం జరుగుతోంది అన్నది ఆ లెక్కలో లేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నానికి కారేసుకుని బయల్దేరా. చేవెళ్ళ దారిలో మర్రిచెట్లు, మన్నెగూడ దగ్గర కుడికి, వికారాబాద్, అనంతగిరి గుట్ట మలుపులు, ఆ తర్వాత ధారూర్. అక్టోబర్ నెలాఖరు, కంది చేలు పూతకొస్తున్నాయి. (తాండూరు కందిపప్పుకి 2022లో జీఐ గుర్తింపు వచ్చింది. మావాళ్ళు ఈ విషయం ఫోన్లో ఇప్పటికీ రెండు వారాలకోసారి గుర్తు చేస్తారు.)

తమ్ముడి షెడ్డు ముందు ఆ బండ ఉంది. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, నీలం బూడిద రంగు. తాండూరు బండ తెలియనివాళ్ళుండరు, హైదరాబాద్ పాత ఇళ్ళల్లో కాళ్ళకింద ఉండేది అదే. సున్నపురాయి, భీమా బేసిన్ లో పొరలు పొరలుగా పేరుకున్నది. ఆ పొరలే దాని గుణం. గనిలో కోసి ఉలితో తడితే పొరల వెంబడి పలకలా విడొస్తుంది, అందుకే అది ఇంత చవకగా ఇంటింటికీ చేరింది. ఏ గుణం వల్ల చవకైందో ఆ గుణమే చెక్కేవాడికి శత్రువు. పైనుంచి నొక్కితే పక్కనున్నది పొరగా లేస్తుంది.

ఈ బండ కొన్నది కాదు. ఊళ్ళో ఒక టీచరమ్మ ఉన్నారు, చాలా ఏళ్ళు తెలుగు చెప్పి రిటైరయ్యారు. నాకు చెప్పలేదు గానీ మా తమ్ముడికి చెప్పారు. భర్త పోయి ఏడాది కావస్తోంది. వాళ్ళ పాత ఇల్లు పడగొట్టేటప్పుడు అరుగు మీది బండ ఒకటి తీసి దాచారట, ఆయన రోజూ సాయంత్రం కూర్చున్న బండ. దాన్నే సమాధి మీద పరచాలి, పేరూ తేదీలూ ఉబ్బెత్తు అక్షరాల్లో ఉండాలి. నవంబర్లో ధారూర్ మెథడిస్ట్ జాతరకి చుట్టాలంతా వస్తారు, ఈ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే కాదు, పక్క రాష్ట్రాలనుంచి కూడా. వాళ్ళున్నప్పుడే బండ పెట్టాలి. చాలామంది 'ప్రభువునందు నిద్రించిన తేది' అని రాయిస్తారు గానీ ఆమె 'జననం', 'మరణం' అని చాలన్నారట.

ఉబ్బెత్తు అక్షరాలంటే అక్షరం చెక్కరు, అక్షరం చుట్టూ ఉన్నది తవ్వేస్తారు. అంటే ఫలకం మొత్తం ఒక పెద్ద పాకెట్, అక్షరాలు అందులో దీవులు. ఇక్కడే నాకు ఇన్నేళ్ళూ తట్టని ఒక సంగతి తట్టింది. ఇంగ్లీషులో ఎల్, టీ, ఎం లాంటి అక్షరాలకి పొట్టలుండవు. మన లిపి గుండ్రనిది. సున్న మూసుకున్న వలయం. 'ర' మూసుకున్న వలయం మీద తలకట్టు. 'ఠ' అయితే లోపల చుక్క కూడా. అలాంటి ప్రతి అక్షరం పొట్టలోనూ ఒక చిన్న ఒంటరి గుంట మిగులుతుంది. దానికి పెద్ద గుంటతో దారి లేదు. టూల్ పైకి లేచి, గోడ దాటి, మళ్ళీ అక్కడ దిగాలి. తెలుగులో పేరు రాయిస్తే దిగాల్సిన చోట్లు పెరుగుతాయన్నమాట! మేం టెస్ట్ చేసిన వందల ఫైళ్ళలో ఒక్కటీ తెలుగు అక్షరాలది కాదు.

తమ్ముడి ఫైల్ లో సున్న లోపలి వ్యాసం 8 మిల్లీమీటర్లు. వాడి టూల్ 6. (వాళ్ళ భాషలో టూల్ కాదు, 'బిట్టు'. డైమండ్ బిట్టు, అడుగు చదునుగా ఉంటుంది, నీళ్ళు పోస్తూ నడపాలి.) టూల్ దూరుతుంది, దూరకపోవడం ఏమీ లేదు. కానీ కనీస హెలిక్స్ 3 మిల్లీమీటర్లని పెట్టి ఉంది, దానికి 9 మిల్లీమీటర్ల చోటు కావాలి. లేదు. ర్యాంప్ కి 19 కావాలి, టూల్ అటూ ఇటూ జరగడానికి ఉన్నది 2. లేదు. మరి సాఫ్ట్‌వేర్ ఏం చేసింది?

"నేను హెలిక్స్ అనే పెట్టిన్నే" అన్నాడు వాడు. "గీడ సూడు, టిక్కు కూడా ఉన్నది. నేనేం జేయలే, అదే దిగింది."

టిక్కు ఉంది. వాడు అబద్ధం చెప్పలేదు. జీ-కోడ్ ఫైల్ లాప్‌టాప్ లోకి తీసుకుని, పక్కకి కదలకుండా కిందికి మాత్రమే కోస్తూ దిగిన లైన్లన్నీ వెతకమని నాలుగు లైన్ల స్క్రిప్ట్ రాశా. 51 వచ్చాయి. ఒక్కోటీ 1 మిల్లీమీటరు చొప్పున 3 పాసులు కాబట్టి 17 చోట్లు. సున్నలూ, ర-లూ, సంవత్సరాల్లో ఉన్న 0, 6, 8, 9 అంకెల పొట్టలూ. 17 చోట్లా నిటారుగా గుచ్చింది. 16 చోట్ల బండ ఓర్చుకుంది.

హెలిక్స్ కుదరలేదు అని ఒక మాట చెప్పలేదా అంటే, చెప్పింది. ఎక్కడో లాగ్ ఫైల్ లో, పసుపు రంగు త్రికోణం పక్కన, ఇంగ్లీషులో. వాడు ఆ కిటికీ ఎప్పుడూ తెరవలేదు. మీరు మీ కంపైలర్ వార్నింగులు చదువుతారా? నేనూ చదవను.

ఆ సాఫ్ట్‌వేర్ మా కంపెనీది కాదు. ఈ మాట చెప్పగానే నాకు ఊపిరి తేలికవ్వాలి, అవ్వలేదు. ఎందుకంటే మా దాంట్లో ఆ భాగం రాసింది నేనే, నా కోడూ అక్షరాలా అలాగే ఉంటుంది. హెలిక్స్ కుదిరితే హెలిక్స్. కుదరకపోతే ర్యాంప్. అదీ కుదరకపోతే, ఎల్స్... గుచ్చు. ఆ ఎల్స్ కింద ఒక్కటే లైను. రాసినరోజు నాకు గర్వంగా ఉంది కూడా. ఎలాంటి ఆకారం ఇచ్చినా టూల్‌పాత్ రాకుండా పోదు! డెమోలో తెల్లమొహం వెయ్యాల్సిన పని లేదు! అంతకుముందు యూజర్ ఒక్కో గుంటకీ మౌస్ తో ఎంట్రీ పాయింట్ చూపించాల్సొచ్చేది. మేం దాన్ని ఆటోమేటిక్ చేసి, 'క్లిక్కులు తగ్గించాం' అని స్లైడ్ వేశాం. చప్పట్లు కొట్టారు.

2019లో మా సపోర్ట్ టీములో ఒకమ్మాయి టికెట్ వేసింది. హెలిక్స్ పెట్టినా కొన్నిచోట్ల నిటారుగా దిగుతోంది, కనీసం యూజర్ని అడగండి అని. నేను ఏం రాశానో నాకు గుర్తుంది. 'వర్క్స్ యాజ్ డిజైన్డ్' అని రాసి మూసేశాను. నిజమే కదా, డిజైన్ చేసింది నేనే, అలాగే పనిచేస్తోంది. ఆ అమ్మాయి ఇంకోసారి అడగలేదు. నాలుగేళ్ళ సీనియర్ అంత ధీమాగా మూసేస్తే ఎవరడుగుతారు.

అందరూ ఇలాగే చేస్తారని అనుకోకండి. మాస్టర్‌క్యామ్ లో పాకెట్ ఎంట్రీ పేజీలో ఒక ప్రశ్న ఉంటుంది: దిగే ప్రయత్నాలన్నీ విఫలమైతే ఏం చెయ్యాలి, గుచ్చాలా, ఆ చోటు వదిలెయ్యాలా? రెండే రెండు బటన్లు. ఆ పేజీ నేను పోటీదారు ఏం చేస్తున్నాడో చూద్దామని చాలాసార్లే చూశాను. ఆ బటన్లు చూసి 'పాతకాలం ఇంటర్ఫేస్' అనుకున్నాను.

సాయంత్రం టీచరమ్మ వచ్చారు. తమ్ముడు అంతకుముందే ఎగిరిన ముక్కని ఏదో జిగురుతో అతికిద్దామా అని నన్ను రెండుసార్లు అడిగాడు. నేను ఔనూ అనలేదు, కాదూ అనలేదు. చివరికి వాడే ముక్కని ఆమె చేతిలో పెట్టి "ఇరిగింది టీచర్. నా మిషన్ తోనే ఇరిగింది" అన్నాడు. ఆమె ఆ ముక్కని వేళ్ళమధ్య తిప్పి చూశారు. సగం వలయం, గోరంత.

"మిషన్ కు యాడ దిగాల్నో ఎవరు జెప్తరు బిడ్డా?"

వాడు నావైపు చూశాడు. వాడి ఉద్దేశం నేను ఇలాంటివి రాసేవాణ్ణని చెప్పడమే, నేరం మోపడం కాదు. కానీ ఆమె నావైపు తిరిగి, పరీక్ష పేపర్లో తప్పు దొరికినప్పుడు టీచర్లు ఆగినట్టు ఆగారు. నేను చెప్పాను. హెలిక్స్, ర్యాంప్ అనకుండా, ఉలి నిటారుగా పెట్టి కొట్టినట్టు కొట్టింది, ఏటవాలుగా పెట్టాల్సింది అని. చోటు సరిపోనప్పుడు ఆగి అడగాల్సింది, అడగకుండా కొట్టేలా రాస్తాం అని.

"అడిగితే ఏమైతది?"

"పని ఆగుతుంది టీచర్."

"ఆగితే ఆగనియ్యి" అన్నారామె. కోపంగా ఏం కాదు, మామూలుగానే.

తర్వాత బండ సంగతి. అక్షరాలన్నీ చెరిపేసి ఫలకాన్ని ఇంకో 3 మిల్లీమీటర్లు కిందికి తవ్వొచ్చు, కానీ ఒక పొర లేచాక దాని కింది పొర ఎంత గట్టిగా ఉందో నమ్మకం లేదు. లేదా తిరగెయ్యాలి. తాండూరు బండ పొరల వెంబడి విడొస్తుంది కాబట్టి అడుగువైపూ దాదాపు చదునే, పాత గచ్చు గీకి పాలిష్ పడితే చాలు. కానీ ఆమె దాచుకున్నది పైవైపుని. ఏళ్ళ తరబడి కూర్చుని కూర్చుని ఒకచోట నున్నగా అరిగిన వైపుని. ఆ నునుపు మధ్యలోనే మేం తవ్వేశాం. అది నాకూ, తమ్ముడికీ కూడా అప్పటిదాకా తట్టలేదు, నిజం చెప్పొద్దూ. ఫలకం ఎక్కడ పెట్టాలి అంటే మధ్యలో పెట్టాం.

ఆమె చాలాసేపు అరచెయ్యి ఆ బండ మీదే పెట్టుకుని నిలబడ్డారు. "తిప్పెయ్యి" అన్నారు చివరికి. "ఆయన కూసున్న దిక్కు ఆయన దిక్కే ఉంటది."

రెండోసారి నేనూ అక్కడే ఉన్నా, రెండ్రోజులు సెలవు పెట్టి. ఈసారి ఉబ్బెత్తు వద్దు, అక్షరాన్నే లోపలికి చెక్కుదాం అన్నాను. కారణం లెక్కే. సున్న గీత 5 మిల్లీమీటర్ల వెడల్పు. దాని మధ్యగీత వ్యాసం 13, చుట్టుకొలత దాదాపు 41. 4 మిల్లీమీటర్ల బిట్టు ఆ గీత వెంబడే 3 డిగ్రీల వాలుతో జారుతూ పోతే, సగం చుట్టు తిరిగేలోపే 1 మిల్లీమీటరు దిగిపోతుంది. అంటే ఉబ్బెత్తులో దిగడానికి చోటే లేని సున్న, లోపలికి చెక్కితే తానే దారి. హెలిక్స్ వేరే గియ్యక్కర్లేదు, సున్నే హెలిక్స్. ఇంత గుండ్రటి లిపి ఏటవాలుగా దిగే టూల్ కి వరం లాంటిది. ఇన్నేళ్ళూ నేను దాన్ని అడ్డంకుల జాబితాలో కూడా వెయ్యలేదు, అసలు చూడనేలేదు కాబట్టి.

తమ్ముడు ముందు వేరే పని చేశాడు. ఒక రూపాయి బిళ్ళ తీసుకుని బండ తిరగేసినవైపు అంగుళం అంగుళం తడుతూ పోయాడు. ఖంగుమన్నచోట ఊరుకున్నాడు, బొద్దుగా పలికిన రెండు చోట్ల పెన్సిల్ తో గుండ్రం చుట్టాడు. పొర విడిపోయి లోపల గాలి ఉంటే అలా పలుకుతుందట. "ఇది మొన్న ఎందుకు చెయ్యలేదురా" అన్నాను. "మొన్న నేను దిక్కు జూపియ్యలేగా, కంప్యూటరే జూసుకుంటదనుకున్న" అన్నాడు. వాడు తలుపులకి, కొన్న బండలకి కూడా చెయ్యడట, ఇదివరకు మాన్యువల్ గా ఎంట్రీ పెట్టేటప్పుడు మాత్రం చేసేవాడట. నేను తగ్గించిన క్లిక్కులు గుర్తొచ్చాయి. అప్పుడు ఉస్తాద్ కూడా గుర్తొచ్చాడు, పనిముక్కని తిప్పి తిప్పి చూస్తూ. క్లిక్కు తీసేస్తే క్లిక్కు ముందు చేసే చూపు కూడా పోతుందని స్లైడ్ లో ఎవరూ రాయలేదు.

పేరులో ఒక అక్షరం ఆ పెన్సిల్ గుండ్రం మీదికొచ్చింది. ఫలకాన్ని రెండంగుళాలు ఎడమకి జరిపాం. ఇప్పుడది బండకి సరిగ్గా మధ్యలో లేదు.

ఇక మిగిలింది ఒక్కో అక్షరంలో ఎక్కడ మొదలుపెట్టాలన్నది. సాంకేతికంగా పెద్ద తేడా లేదు, గీత వెంబడి జారేటప్పుడు ఎక్కడ మొదలైనా ఒకటే. మొదలైనచోట కొంచెం గుర్తు పడుతుంది, అంతే. టీచరమ్మ అక్కడే స్టూలు మీద కూర్చుని ఉన్నారు. నేను అక్షరాలు ప్రింట్ తీసి, ఏదైనా పర్వాలేదు టీచర్, ఎక్కడ మొదలుపెట్టమంటారు అని మాటవరసకి అడిగా.

"ఏదైనా పర్వాలేదేంది? పలక మీద యాడ మొదలుపెడ్తరో ఆడనే" అని పెన్ను లాక్కుని, ఒక్కో అక్షరం మీదా చుక్క పెడుతూ పోయారు. సున్నకి పైన. 'జ'కి, 'మ'కి, 'ణ'కి ఒక్కోచోట. 'ర' దగ్గర మాత్రం తమ్ముడితో గొడవొచ్చింది. వాడు తలకట్టు ముందు పెట్టి కిందికొస్తాడట. ఆమె నేర్పింది గుండ్రం ముందు, తలకట్టు తర్వాత. "నా క్లాసుల కూసొని గిదా నువ్వు నేర్సుకున్నది?" అని అడిగారు. వాడు నలభై ఏళ్ళవాడు, ఇద్దరు పిల్లలు, ఏం మాట్లాడలేదు.

ఆ ఫాంటులో గుండ్రం, తలకట్టు అతుక్కుని ఉంటాయి. సాఫ్ట్‌వేర్ లెక్కలో ఒక్కసారి దిగితే చాలు. ఆమె చెప్పినట్టు రావాలంటే రెండుగా విడగొట్టి, రెండుసార్లు దించాలి. విడగొట్టాను. ప్రతి చుక్కనీ మౌస్ తో పెట్టాను, ఒకటీ ఆటోమేటిక్ కి వదల్లేదు. దిగే సార్లు 9 పెరిగాయి, టైము నాలుగు నిమిషాలు పెరిగింది.

నీళ్ళు వదిలి మెషీన్ ఆన్ చేశాక ముగ్గురం చూస్తూ నిలబడ్డాం. 'మరణం'లో సున్న ఆఖర్న వచ్చింది. బిట్టు పైన చుక్క దగ్గర ఆనుకుని, చుట్టూ జారుతూ, మూడు చుట్లు తిరిగేలోపు పూర్తి లోతుకి దిగి లేచింది. చప్పుడు కూడా మారలేదు. తమ్ముడు ఎయిర్ గొట్టంతో బురద ఊది, వేలు పెట్టి తడిమి, ఏం లేదు బాగుంది అన్నట్టు తలూపాడు. డబ్బులు మొదటి పనికి మాత్రమే తీసుకుంటానన్నాడు. ఆమె రెండిటికీ ఇస్తానన్నారు. ఆ బేరం ఎలా తేలిందో నేను వచ్చేసేసరికి తేలలేదు.

సోమవారం కాదు గానీ బుధవారం ఆఫీసుకెళ్ళి ఆ 2019 టికెట్ మళ్ళీ తెరిచాను. ఎల్స్ కింద లైను తీసేసి, కుదరనిచోట ఆగి యూజర్ని అడగాలి, యూజర్ చెప్పకపోతే ఆ గుంట వదిలేసి ఎర్రరంగులో చూపించాలి అని రాశాను. టెస్ట్ ఫైళ్ళలో 'మరణం' అని ఒకటి కలిపాను. ఆ టికెట్ వేసిన అమ్మాయి ఇప్పుడు వేరే కంపెనీలో ఉంది, మెసేజ్ పెడితే ఒక నవ్వు బొమ్మ పంపింది. పాత కస్టమర్ల ఫైళ్ళు కొత్త వెర్షన్లో తెరిస్తే ఎర్రరంగు గుంటలు కనిపించి గోల చేస్తారని మా ప్రాడక్ట్ మేనేజర్ భయం, అది అనవసరమైన భయమేమీ కాదు. ఆయన ప్రాధాన్యం 'తక్కువ' అని పెట్టాడు. నేను 'మధ్యస్థం' అని మార్చాను. ఈ వారానికి అక్కడే ఉంది.